నీడ కొలత

"మా అమ్మాయి నీడని ఎక్కడ పెట్టి కట్టావో తియ్యి! లేదంటే ఈ గోడ నేనే పీకేస్తా." వెలిచ్కా ఉలి తీసి వంతెన పిట్టగోడ రాళ్ల సందులో దూర్చింది.

మేస్త్రి దిచో చేతిలోని తాపీ జారి పడింది. "అమ్మా, వందల ఏళ్ల వంతెన! మేం సున్నమూ ఇసుకా పెట్టి కడతాం గానీ, నీడలూ గీడలూ మాకెందుకు?"

"ముందటి మూడు వంతెనల దగ్గరా ఇదే పాట. నవ్వి పంపేశారు. ఇక్కణ్ణించి మాత్రం నేను కదల్ను."

మేస్త్రి దొంగచాటుగా బాటసారి ఎత్తును దారంతో కొలిచి, ఆ దారాన్ని రాళ్ల మధ్య పెట్టి కడితే, అతని నీడ అందులో చిక్కి వంతెన నిలుస్తుందనీ, ఆ మనిషి నలభై రోజుల్లో పోతాడనీ రొడోపి కొండల్లో నమ్మకం. వెలిచ్కా కూతురు నెదా స్నేహితులతో వెళ్లి, మరమ్మతులు జరుగుతున్న పాత వంతెనలు నాలుగు చూసొచ్చింది. కాఫీ మడ్డి చూసి జోస్యం చెప్పే ముసలమ్మ ఒకతె ఊరుకోక, "నీ నీడ వంతెనలో చిక్కిందే పిల్లా" అనేసింది. నెదా తిండి మానేసి రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఇవాళ ముప్పై ఏడోది.

వెలిచ్కా కారులో కూర్చున్న పిల్లను దిచో చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏదో గొణుక్కుంటూ పరంజా వెనక్కి వెళ్లాడు. కాసేపు రాయి కొట్టిన చప్పుడయింది. సున్నం అంటిన దారంతో తిరిగొచ్చాడు.

"తప్పయిపోయింది తల్లీ. ఇదే."

వెలిచ్కా కూతుర్ని దింపి నిటారుగా నిలబెట్టింది. దారం ఒక కొస ఆమె మడమ కింద తొక్కించి, వెనకనుంచి నడినెత్తి దాకా లాగింది.

"సరిగ్గా నీ ఎత్తే! వెంట్రుకవాసి తేడా లేదు!"

నెదా తల తడుముకుని చూసుకుని భోరుమంది. తల్లి చేతికిచ్చిన దారాన్ని నదిలోకి విసిరేసింది.

"అమ్మా, ఆకలేస్తోందే!"

ఆ పిల్ల కారు దగ్గర రొట్టే, గొర్రె జున్నూ ఆవురావురుమని తింటుంటే దిచో మనసు పీకింది. వెలిచ్కాను పక్కకి పిలిచాడు.

"నీ దగ్గర దాచలేను చెల్లెమ్మా. అది గోడ వరస చూసుకునే నా దారం. పిల్ల మొహం చూడలేక అబద్ధమాడాను."

వెలిచ్కా గుప్పిట విప్పింది. పిల్ల ఎత్తుకి ఎక్కువైతే పంటితో కొరికి తెంపిన మూరెడు దారం.

"నాలుగు వంతెనలు తిరిగితే గానీ ఆ అబద్ధం ఆడే మనిషి దొరకలేదన్నా!"