ఉత్తమ పాఠకురాలు

మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తున్నా హైదరాబాదులోని ఆ గ్రంథాలయం తలుపు రోజూ అనే మాటే అంది: "ముఖం కనబడటం లేదు. వెలుతురులోకి రండి."

నైజీరియా నుంచి చదువుకోవడానికి వచ్చిన అమాకాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ఇప్పుడు తలుపులన్నీ ముఖం చూసి తెరుచుకునేవే. ఆమెకు తప్ప.

కిటికీలోంచి లైబ్రేరియన్ సక్కుబాయి కేకేసింది. "జర పౌడర్ రాసుకొని రారాదు బిడ్డా! సన్మానానికి టైమైతున్నది."

"మీ తలుపుకే కండ్లద్దాలు పెట్టియ్యుండ్రి, ఆంటీ!"

బయటి గోడకు 'ఈ ఏటి ఉత్తమ పాఠకురాలు' అని అమాకా పోస్టరు అంటించారు. అందంగా ఉంటుందని ఆమె ముఖాన్ని గోధుమరంగుకు తెచ్చారు. అమాకా దాన్ని పీకి తలుపు ముందు పట్టింది.

"స్వాగతం, అమాకా గారూ!" తలుపు తెరుచుకుంది.

ఎదురొచ్చిన సక్కుబాయి చేతిలో పోస్టరు పెట్టి అమాకా వెనుదిరిగింది.

"శాలువా దీనికే కప్పుండ్రి."