సంచుల డాక్టరు

ఆ ఉదయం సంచుల డాక్టరుకి కాలు ఒకచోట నిలవడం లేదు. ల్యాబ్ నుంచి ఫోను రావాలి. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ మాటిమాటికీ ఫోను వంక చూస్తున్నాడు.

"కాసేపు కూర్చోండి సార్. మీరు తిరిగినంత మాత్రాన రిపోర్టు పరుగెత్తుకు రాదు," అంది నర్సు.

సంచుల డాక్టరన్నది ఆసుపత్రి వాళ్లు పెట్టిన పేరు. ఎవరు దొరికినా ఆయన చెప్పేది సంచుల గురించే మరి. హెచ్ఐవీ మాత్రలు వైరస్ నోరు నొక్కుతాయి గాని, దాన్ని తుడిచిపెట్టలేవు. అది కొన్ని కణాల్లో ముసుగుతన్ని పడుకుంటుంది. కణాలేమో కంటికి ఆనని బుల్లి సంచుల్లాంటివి బయటికి వదులుతుంటాయి. వైరస్ తాలూకు సరుకు మోసుకెళ్లే ఆ సంచులే పడుకున్నదాన్ని తట్టి లేపుతున్నాయనీ, వాటిని ఆపితే అది ఇక లేవదనీ డాక్టరు నమ్మకం. నమ్మకమేమిటి, పిచ్చి. దాని కోసం ఇల్లూ నిద్రా ఏనాడో గాలికొదిలేశాడు.

ఆ పిచ్చికి మొదట తలూపింది తాళాలు బాగుచేసే పెద్దాయన. సంచులను ఆపే కొత్త ఇంజెక్షన్ వేయించుకుని, మాత్రలు పూర్తిగా మానేశాడు. ఇంట్లో మిగిలినవి కూడా ఆసుపత్రికి తిరిగిచ్చేశాడు. మామూలుగా అయితే మాత్రలు మానిన కొద్ది వారాలకే వైరస్ పడగ విప్పుతుంది. ఈయనకి నెలలు గడిచినా దాని జాడ లేదు. ఈవేళ్టి పరీక్ష కూడా గట్టెక్కితే, ఇంజెక్షన్‌కి ఒప్పుకున్న మిగతా వాళ్లందరి మాత్రలూ ఆపేయొచ్చు.

పెద్దాయన మాత్రం బెంచీ మీద దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన భార్య, ఆమె ఒళ్లో ఫ్లాస్కు. ఆమెకీ అదే జబ్బు. మొన్నమొన్నటిదాకా ఇద్దరిదీ ఒకే రకం మాత్ర. ఇంజెక్షన్ అనేసరికి ఆమె మాత్రం ససేమిరా అంది.

"డాక్టరుగారూ, మీ ఇంజెక్షన్‌తో వైరస్ సంగతేమో గాని, మా ఆవిడ చేతి రుచి పోయింది. కాఫీ ఒకటే చేదు!"

"మాట్లాడకుండా తాగండి," అంటూ ఆవిడ గ్లాసు చేతిలో పెట్టింది.

ఆయన తాగాక గ్లాసు వంచి చూసింది. అడుగున ఇంకాస్త మిగిలింది. ఫ్లాస్కులోంచి మరికాస్త పోసి, గ్లాసు గుండ్రంగా తిప్పి, అదీ తాగించింది.

"చూశారా, పసిపిల్లాడికి పట్టినట్టు పడుతోంది!"

డాక్టరు నవ్వబోయాడు. అంతలో ఆవిడకి దగ్గు ముంచుకొచ్చింది. మనిషి బాగా చిక్కింది. దవడలు లోపలికి పోయాయి.

"మాత్రలు సరిగ్గా వాడుతున్నారా అమ్మా?"

"ఒక్కటి కూడా వృథా పోనివ్వలేదండీ."

"అయినా ఒకసారి మీ రక్తం కూడా చూద్దాం."

"నాదెందుకు లెండి. ముందు ఆయన సంగతి తేలనివ్వండి."

ఫోను మోగింది. డాక్టరు చెవికి అదిమిపెట్టుకుని విన్నాడు.

"లేదా? మళ్లీ చెప్పు... అసలు లేనే లేదా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లి పెద్దాయనను గట్టిగా కావలించుకున్నాడు.

"గెలిచామండీ! మీలో వైరస్ లేవలేదు!"

పెద్దాయన పకపకా నవ్వాడు. భార్య నవ్వలేదు. ఫ్లాస్కు మూత బిగిస్తోంది, విప్పుతోంది, మళ్లీ బిగిస్తోంది.

"సిస్టర్, మిగతా వాళ్లని పిలవండి. ఇంజెక్షన్ ఇచ్చి ఈరోజు నుంచే మాత్రలు ఆపేద్దాం."

నర్సు తలుపు తీసింది. హాల్లో కూర్చున్న వాళ్లు ఆశగా లేచి నిలబడ్డారు. ముందు చంకలో బిడ్డతో ఒక పడుచు పిల్ల.

"వాళ్లందరికీనా?" పెద్దాయన భార్య ఉలిక్కిపడింది.

"అంతా మీవారి పుణ్యమే!" డాక్టరు హుషారుగా కదిలాడు.

ఆవిడ ఒక్క అంగలో అడ్డమొచ్చి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"వద్దు! వాళ్ల మాత్రలు ఆపకండి!"

"ఏమైందమ్మా?"

ఆవిడ మొగుడి వంక ఒకసారి చూసి, తల దించుకుంది.

"ఆయనకేమైనా అవుతుందేమోనని భయమేసి, మీరు నాకిచ్చే మాత్ర నేను వేసుకోకుండా రోజూ పొడి చేసి ఆయన కాఫీలో కలిపేస్తున్నానండీ."