గంటకో ఫోను

"ఎందుకొచ్చారు?" అన్న గడిలో క్రేన్ డ్రైవరు ఇలా రాశాడు: "నిద్ర లేదు. డ్యూటీలో ఉంటే మా ఆవిడ గంటకోసారి ఫోన్ చేసి ప్రాణం తీస్తోంది."

కౌన్సెలర్ ఫారం పక్కన పెట్టింది. "మొదలెట్టేముందు ఒక మాటండీ. మీరు చెప్పేది ఈ గది దాటదు. మీ ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్ళకి చెప్తాను."

అతను చటుక్కున లేచి బయటికి నడిచాడు. నియమం చెప్పి మనిషిని పోగొట్టుకున్నాననుకుందామె.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. వరండాలో కూర్చున్న భార్యను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాడు.

"ఈ మేడం నీకు చెప్పేకంటే నేనే చెప్తానే. పైన క్రేన్‌లో ఒక్కణ్ణే ఉంటే, నా మీద నాకే భయమేస్తోంది."

భార్య ఆశ్చర్యపోలేదు.

"తెలుసు. కూరేం వండమంటావని గంటకోసారి ఎవరైనా అడుగుతారా?"