వద్దన్న టీవీ

మేడ మెట్లెక్కిన సరళాదేవికి, తొమ్మిదేళ్ల కూతురు లీల నుదుటి నుంచి నెత్తురు కారుతూ తడి గచ్చు మీద పడి ఉండటం కనిపించింది.

లీలకూ యాంటెన్నా పైపుకూ మధ్య ఒక మనిషి చేతులు బార్లా చాపి నిలబడి ఉన్నాడు.

చూడగానే గుర్తుపట్టింది. నిన్న టీవీ దుకాణంలో మెడబట్టి గెంటించుకున్న మనిషే.

నిన్న శనివారం. నిర్మల్ బజారులో లక్ష్మీరాజం దుకాణం. బల్ల మీద పక్కపక్కనే రెండు టీవీలు. ఒకే సైజు, ఒకే ధర, ముందు ఒకేలాంటి చెక్క తలుపులు. రెండింట్లోనూ ఒకే మనిషి కూర్చుని పత్తికి పట్టే పురుగు గురించి చెబుతున్నాడు.

"సినిమాలకు ఏది మంచిగుంటది లక్ష్మీరాజం?" అడిగాడు సరళాదేవి భర్త రామేశ్వర్‌రావు.

"రెండు కవల పిల్లలే దొరా. కని కుడి దిక్కుదాంట్ల మొకాలు జర తెల్లగ కొడతయి. నన్నడిగితె అదే."

"ఎడమదాంట్ల మాట సాఫుగ ఇనవడుతున్నది," అంది సరళాదేవి.

"నీకు పాటలు కావాలె, నాకు ఫైటింగులు కావాలె. ఇది తెగే పంచాయితీ కాదు!"

లక్ష్మీరాజం నవ్వాడు. అప్పుడే గుమ్మంలోంచి ఒక గొంతు.

"అమ్మా, కుడి దిక్కుది కొనకుండ్రి."

మాసిన తలపాగా, మొద్దుబారిన చేతులు. ఎవరో కూలిమనిషి.

"గా టీవీ మంచిది గాదు. దానివల్ల..."

మాట పూర్తి కాలేదు. లక్ష్మీరాజం ఒక్క అంగలో వెళ్లి మెడ మీద చేయి వేసి రోడ్డు మీదికి తోశాడు.

"పది రోజుల సంది గిదే తమాషా దొరా. అవతలి దుకాణపోడు పంపుతుండు, నా బేరాలు చెడగొట్టనీకి."

"అట్లనా?" రామేశ్వర్‌రావుకు రోషం పొడుచుకొచ్చింది. "వాడు వద్దన్నదే కట్టు. వాడెవడు నాకు చెప్పనీకి!"

టీవీని రిక్షా ఎక్కించారు. సరళాదేవి వెనక్కి తిరిగి చూసింది. ఆ మనిషి రిక్షా వెనకే నడిచి వస్తున్నాడు.

"ఇల్లు చూసుకొని పోయిండు. నాకు భయమైతున్నది," అంది ఇంటికొచ్చాక.

"చూసి ఏం జేస్తడు? సినిమాకు వస్తడు గావచ్చు," అని భర్త నవ్వేశాడు.

ఈ సాయంత్రం వాడకట్టు వాడకట్టంతా సినిమాకు వచ్చింది. హాలు నిండి వాకిట్లో కూడా జనం నిలబడ్డారు. కొత్త టీవీలో బొమ్మ సరిచేయడానికి వచ్చిన లక్ష్మీరాజం ముందు వరుసలో కుర్చీ వేసుకున్నాడు. సినిమా సగంలో వాన అందుకుంది. గాలికి యాంటెన్నా తిరిగి, హీరో మొహం మీద గీతలు పడ్డాయి.

"లీలా, ఉరుకు బిడ్డా! జర పైపు తిప్పు!" కేకేశాడు రామేశ్వర్‌రావు.

లీల వట్టి కాళ్లతో వాకిట్లోని మెట్ల మీదికి పరుగు తీసింది.

పైనుంచి "వచ్చిందా?" అనే అరుపు వినిపించలేదు. లీల ఏడుపు వినిపించింది.

"ఇటు రాకుండ్రమ్మా! ఆడ్నే ఆగుండ్రి!" ఇప్పుడు ఆ మనిషి గొంతు చించుకుంటున్నాడు.

లీల చెవులకు బంగారు కమ్మలున్నాయి. సరళాదేవికి ఇంకో ఆలోచన రాలేదు. ఉరికి వెళ్లి, రెండు చేతులతో అతణ్ని పక్కకు నెట్టింది.

అతని కాళ్లు జారాయి. వెనక మోకాలెత్తు పిట్టగోడ. చేతికందేంత దగ్గర్లో యాంటెన్నా పైపు. పట్టుకోబోయాడు. ఎందుకో చేయి వెనక్కి లాక్కున్నాడు.

కింద వాకిట్లో బండల మీద పెద్ద చప్పుడైంది.

ఎస్సై వచ్చేసరికి వాన వెలిసింది. జనం శవం చుట్టూ మూగారు. ఆపే దిక్కు లేక హాల్లో టీవీ మోగుతూనే ఉంది.

ఎస్సై వెనకే రామేశ్వర్‌రావు, లక్ష్మీరాజం మేడ ఎక్కారు. సరళాదేవి ఎదురొచ్చింది.

"నేనే నెట్టిన సార్. నా చేతులతోని సంపిన."

"దొంగను నెట్టినవమ్మా. బిడ్డ కమ్మల కోసం జనంల కలిసి వచ్చిండు. ఫికర్ చెయ్యకు, నీ మీద కేసు లేదు."

"మరి పైపు ఎందుకు పట్టుకోలే? పట్టుకుంటె బతికెటోడు గద!"

"అందిందో లేదో," అంటూ ఎస్సై పిట్టగోడ దగ్గరికెళ్లి నిలబడి, పైపు మీదికి చేయి చాచాడు.

"ముట్టకుండ్రి సార్!"

లక్ష్మీరాజం కేక అది. ఎస్సై చేయి గాలిలోనే ఆగింది.

"ఎందుకు?"

లక్ష్మీరాజం మెట్ల వైపు అడుగేశాడు. రామేశ్వర్‌రావు అతని గల్లా పట్టుకున్నాడు.

"ఎందుకు ముట్టద్దు? చెప్పు!"

లక్ష్మీరాజం తడి గచ్చు మీద కూలబడ్డాడు.

"పైపుకు కరెంటొస్తది సార్. వాన పడితె టీవీలకెల్లి తీగ పట్టుకొని పైకెక్కుతది. అది కొత్త టీవీ గాదు. భైంసా ఊర్ల అమ్మితె వాపసొచ్చింది. పాలిష్ కొట్టి కొత్తదాని పక్కన వెట్టిన. మెకానిక్ బాగైందన్నడు, నేను నమ్మిన... లేదు సార్, నమ్మలే. ఇందాక లీలమ్మ పైకి ఉరుకుతుంటె నా పానం పోయింది. ఆపితె నా గుట్టు బయటపడతదని నోరు మూసుకొని కూసున్న. ఈయన్ను ఎవ్వలు పంపలే సార్, లీలమ్మను పైపు ముట్టకుంట పక్కకు నూకనీకే వచ్చిండు. పేరు మల్లన్న, భైంసల పత్తి మూటలు మోస్తడు. ఆడ గీ టీవీ కొన్న దొరోళ్లింటికి సినిమా సూడవోతె, పైపు తిప్పి రమ్మని పైకి పంపిండ్రు, దానికే అతుక్కొని సచ్చిపోయింది... లీలమ్మంతదే సార్, ఈయన బిడ్డ."