నూకాలమ్మ కొసరు

నూకాలమ్మ అనే ఎలుక, గవర్రాజు అనే పందికొక్కు నువ్వులు కొనడానికి అడవి సంతకి కలిసే బయల్దేరారు.

గవర్రాజు మొదట కనబడిన కోతి దుకాణంలోనే, చెప్పిన ధరకే సంచి నింపించుకుని నీడన కూలబడ్డాడు.

నూకాలమ్మ అలా కాదు. కోతి ధర కాకికి చెప్పింది, కాకి ధర ఉడుతకి చెప్పింది, మళ్లీ కోతి దగ్గరికొచ్చింది. ధర తగ్గించిన ప్రతి చోటా దోసెడు కొని, “కొసరు వెయ్యవా మరి?” అంటూ సంచి తెరిచి నిలబడింది. చిటికెడు పడేదాకా కదిలితే ఒట్టు!

“చిటికెడు గింజలకి ఇంతమందిని దేబిరించాలా అక్కా? నాకైతే నామోషీ,” అన్నాడు గవర్రాజు.

“ఆరుగురు పిల్లల తల్లికి నామోషీ ఏమిటి తమ్ముడూ!”

ఆ సాయంత్రం నూకాలమ్మ కొసరు నువ్వులు మాత్రమే వేయించి, బెల్లం వేసి దంచి ఉండలు చుట్టింది. కమ్మటి వాసనకి గవర్రాజు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. పిల్లలకి తలొకటీ పెట్టగా ఒక ఉండ మిగిలింది. నవ్వుతూ అతని చేతిలో పెట్టింది.

గవర్రాజు గుటుక్కున మింగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

“అక్కా... కొసరు వెయ్యవా మరి?”