విరగని దూలం

"ఆపుండ్రి! మిషన్ ఆపుండ్రి!"

ముసలాయన అరుపుకు పెంటయ్య ఉలిక్కిపడి మీట దించేశాడు. పన్నెండడుగుల బర్మా టేకు దూలం రంపపు పళ్లకు జానెడు దూరంలో ఆగింది.

"మాలిక్ కౌన్ హై రే? మై యా ఓ బుడ్ఢా?" అంటూ, యజమాని తనా ఆ ముసలోడా అని లోపలి నుంచి సేఠ్ కేకేశాడు.

బొంబాయి నాగ్‌పాడాలో పాత కట్టెలమ్మే ఆ వఖారులో ముసలాయన్ని ఎరగనివాళ్లు లేరు. పేరు ముత్తయ్య, కామాఠిపురాలో వడ్రంగి. వానలు వెళ్లినప్పటి నుంచి రోజూ వస్తున్నాడు. కూలిన చాళ్ల నుంచి, ఆ పాత అద్దె మేడల నుంచి, లారీల్లో దిగిన దూలాలన్నిటినీ తడుముతాడు, వేలి కణుపుతో కొడతాడు, చెవి ఆనిస్తాడు. "ఇది కాదు" అని వెళ్లిపోతాడు. మొదట్లో పెంటయ్య పిచ్చివాడే అనుకున్నాడు.

పెంటయ్య పాలమూరు నుంచి వచ్చి నెల దాటింది, అంతే. నల్లమల అంచున కాంట్రాక్టర్ల కింద ఇరవై ఏళ్లు టేకు నరికాడు. చివరికి అడవీ మిగల్లేదు, పనీ మిగల్లేదు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే కథల్లో మాట అనుకునేవాడు. నలభై ఏళ్ల వయసులో అది తన బతుకే అయింది.

ఆ బాధ తెలిసినవాడిలా మాట్లాడింది ముత్తయ్య ఒక్కడే.

"మామిడికట్టె అగ్గువ, పురుగు ముందుగాల దాన్నే తింటది. మద్ది బలమే గని ఎండకు పగులుతది. టేకు పెయ్యిల నూనె ఉంటది, చెదలు మూతి గూడ పెట్టదు. మల్ల కొత్త చెట్టు కొట్టుడెందుకురా? బొంబాయిల కూలిన ఒక్కో ఇంట్ల ఒక్కో అడవున్నది" అనేవాడు. చిత్రిక పొట్టును కూడా పొయ్యిలో వెయ్యనివ్వడట, దాంతో దిండ్లు కుట్టిస్తాడట. ముత్తయ్య ఇంట్లో పడుకుంటే అడవిలో పడుకున్నట్టేనని వాళ్ల గల్లీలో ఎగతాళి.

ఇప్పుడాయన దూలం పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. కణుపుతో కొట్టాడు. ఖంగుమంది.

"ఇదే" అన్నాడు. "ఇన్నవా, గంట లెక్క. మునిసిపాలిటోళ్లు ఖాళీ చెయ్యమని నోటీసు అంటిస్తే, చాలోళ్లు నన్ను పిలిచి చూడమన్నరు. చూసి చెప్పిన, వందేండ్లకు గూడ విరగదని."

"విరగలే కాకా! బిల్డింగే వడ్డది గని దీని మీద గీటన్న లేదు. నీ మాటే నిలిచె!"

ముత్తయ్య దూలం నడుమ ఒకచోట అరచేత్తో తుడుస్తూ ఉండిపోయాడు.

సేఠ్ వచ్చాడు. నాలుగు తలుపు చౌకట్లు కొయ్యడానికి బేరం కుదిరిపోయిందనీ, దూలం ఇచ్చేది లేదనీ అన్నాడు. ముత్తయ్య తన పనిముట్ల పెట్టె తెచ్చి ఆయన కాళ్ల దగ్గర బోర్లించాడు. బాడిస, చిత్రికలు, అరడజను విలాయతీ ఉలులు. సేఠ్ కళ్లు ఉలుల మీద నిలిచాయి. ఒక ఉలి పిడి మీద తెలుగులో శివరాం అని చెక్కి ఉంది.

"శివరామెవరు కాకా?"

"నా కొడుకు. ఈ పనోడే."

"వాని ఉలి ఇచ్చేస్తే ఊకుంటడా?"

"ఏమనడు."

బేరం తెగింది. ముత్తయ్య ఆ కుప్పలోంచి రంపం ఒక్కటి వెనక్కి తీసుకున్నాడు.

"చిత్రిక లేకుంట తలుపెట్ల చేస్తవ్?" అన్నాడు పెంటయ్య.

"ఈ పనికి రంపమొక్కటి సాలు."

సేఠ్ తిట్లన్నీ భుజాన వేసుకుని పెంటయ్యే చేతిబండి మీద దూలాన్ని లాక్కెళ్లాడు. ఫాక్‌లాండ్ రోడ్డు దాటుతుంటే ఉండబట్టలేక అడిగాడు.

"కాకా, నా గొడ్డలికి ఎన్ని చెట్లు వడ్డయో లెక్క లేదు. కొట్టినవాటిల ఒక్కటన్న మంచిగ నిలవడంగ నేను చూడలే. దీంతోని ఏం జేసినా నాకు చూపియ్యవా?"

"రేపు రా" అన్నాడు ముత్తయ్య.

మర్నాడు పని దిగగానే పెంటయ్య తల దువ్వుకుని మరీ బయల్దేరాడు. గల్లీ మొదట్లోనే పొగ ఎదురొచ్చింది.

ముత్తయ్య ఇప్పుడుంటున్న చాల్ ముందు మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్ల గుండిగె మరుగుతోంది. పక్కనే మూరెడు మూరెడు ముక్కలుగా కోసిన టేకు. నూనె ఉన్న కట్టె కాబట్టి భగభగా మండుతోంది. ముత్తయ్య మరో ముక్కను పొయ్యిలోకి తోస్తున్నాడు. గల్లీ జనం చుట్టూ నిలబడి చూస్తున్నారే గానీ, ఒక్కరూ వద్దనడం లేదు.

పెంటయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"కాకా! ఏం జేస్తున్నవే! చెట్లు కొట్టినోన్ని, నాకే పాణం పోతున్నది. పొట్టు గూడ కాలవెట్టనోనివి, గింత కట్టెను అగ్గిల వెడ్తవా?"

"దీన్ని ఇంకో ఇంట్ల పెట్టనియ్య" అన్నాడు ముత్తయ్య తలెత్తకుండా.

"ఎందుకు? చెద వట్టిందా, పుచ్చిందా? వందేండ్లకు విరగదన్నది నువ్వేనాయె. విరిగిందా మరి?"

ముత్తయ్య చేతిలోని కట్టె జారి పడింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని పసివాడిలా ఏడ్చాడు.

ముత్తయ్య భార్య లక్ష్మవ్వ వచ్చి పెంటయ్య రెక్క పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"ఆ మాట అనకు బిడ్డా. నోటీసొచ్చినా, ఈయన మాట మీదనే మేమెవ్వరం ఇల్లు ఇడువలే. కట్టెను కొట్టి చూసిండు గని, గోడ వానకు నానిందని చూడలే."

కొంగుతో కళ్లొత్తుకుని, మండుతున్న పొయ్యి వైపు చూసింది.

"విరగకుంటనే వడ్డది, మా శివరాం మీద."