నీళ్లు చూసేవాడు

"ఎవరయ్యా నువ్వు? మా చెరువుల సీసా ముంచుతున్నవేంది?"

మోకాలిలోతు నీళ్లలో బర్రెను కడుగుతున్న మొగులమ్మ కేకేసింది.

ఆ కొత్త మనిషి సీసాను ఎండకు ఎత్తి చూశాడు. వాసన చూసి మొహం చిట్లించాడు.

"అక్కా, ఈ నీళ్లు మంచిగ లెవ్వు. బర్రెను బయటికి తోలుకో."

"బాగుంది! చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టుంది నీ ముచ్చట. నా బర్రె పుట్టినకాన్నుంచి గీ నీళ్లే తాగుతున్నది."

ఆ మనిషి పేరు ఐలన్న. యాభై దాటాయి. ఆ సాయంత్రమే వచ్చి మొగులమ్మ ఇంటి ముందరి గది కిరాయికి అడిగాడు.

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. గదుల కోసం రోజుకొకరు వచ్చేవారు. అందరినీ తిప్పి పంపిన మొగులమ్మ ఇతడికి ఎందుకిచ్చిందో ఆమెకే తెలియదు. పెనిమిటి పోయి పదేళ్లయింది. పిల్లలు లేరు. ఇంట్లో ఆమె మాట వినేది ఆ బర్రె ఒక్కటే. ఆమె బతుకూ దాని పాల మీదే.

"ఇన్నేండ్లు యాడున్నవ్ ఐలన్నా?"

"బొంబాయిల ఓడ ఎక్కిన. ఇటలీ కింద చిన్న దీవి ఉన్నది, ఆడ దిగిన. ఇరవై ఏండ్లు ఆన్నే ఉన్న."

"ఎంత పెద్దగుంటది?"

"పటాన్‌చెరుల బస్సెక్కి సంగారెడ్డి పోయినంత గూడ లేదు. కూసోని టికెట్ తీసుకునేటాళ్లకు దీవి అయిపోతది."

మొగులమ్మ పడీ పడీ నవ్వింది. అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో!

ఇక రోజూ పొద్దుగూకితే అవే కబుర్లు. ఒక ఒడ్డున ఇసుక ఇటుకపొడిలా ఎర్రగా ఉంటుందట. ఇంకో ఒడ్డున ఇసుకే లేదట, అన్నీ గులకరాళ్లేనట. మరోచోట సముద్రం రెండు బండల నడుమ సందులోకి దూరి వస్తుందట. ఇనుప నిచ్చెన పట్టుకుని ఈతకు దిగాలట.

"మెడలోతు నీళ్లల్ల నిలబడ్డా కాలిగోర్లు కనవడుతయి అక్కా. డెబ్బై ఏండ్ల ముసలమ్మలు గూడ ఈత కొడతరు."

"సిగ్గుశరం లేదా వాళ్లకు?"

"ఎవరిని జూసి సిగ్గుపడాలె? అందరు నీళ్లల్లనే ఉంటరు."

"మరి నువ్వేం పని చేసెటోనివి?"

"పొద్దుగాల నీళ్లు చూసెటోణ్ణి."

"నీళ్లు చూస్తే గూడ జీతమిస్తరా! నీ గప్పాలు సల్లగుండ!"

అన్నీ కోతలేనని ఊరంతా అతన్ని 'గప్పాల ఐలన్న' అంది. మొగులమ్మా అలాగే పిలిచింది. అయినా అతను రావడం ఆలస్యమైతే గడప మీదే కూర్చుని ఎదురుచూసేది. పదేళ్ల తర్వాత ఆ ఇంట్లో మనిషి గొంతు వినబడుతోంది మరి.

వానలు పడ్డాయి. ఒకనాడు పొద్దున్నే, ఫ్యాక్టరీల దిక్కు నుంచి వచ్చే కాలువ వెంట, చెరువు మీద తెల్లటి నురుగు తేలింది. ఐలన్న ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి రేవులో పాతాడు. లారీ వెనక ఎర్రగుడ్డ చూస్తేనే మనుషులు ఆగుతారు, నీళ్ల దగ్గర ఆగరా అనుకున్నాడు. ఊరు లేవకముందే సీసా నింపుకుని సంగారెడ్డి బస్సెక్కాడు.

పాపం, ఇరవై ఏళ్లలో మన ఊళ్ల సంగతి మరిచిపోయాడు!

మధ్యాహ్నానికి పక్కింటి దేవమ్మ ఆ కర్రకు పసుపు పూసింది. "చెరువును కాసే కట్టమైసమ్మ వెలిసింది తల్లీ" అంది. సాయంత్రానికి నిమ్మకాయలు, కొబ్బరికాయలు వచ్చాయి. మర్నాడు మంగళవారం. ఆడవాళ్లంతా అక్కడే తలస్నానాలు చేశారు. మొగులమ్మ బర్రెకు మూడు మునకలు వేయించి, కడుపునిండా ఆ నీళ్లే తాగించి, నొసట బొట్టు పెట్టింది.

మూడోనాడు ఐలన్న తిరిగొచ్చాడు. రేవు నిండా జనం. పరుగున పోయి కర్ర పీకి పారేశాడు.

"ఇది మైసమ్మ కాదు! నీళ్లల్లకు దిగొద్దని నేనే పాతిన! విషమున్నది!"

"అమ్మవారిని పీకుతవా? నీ చేతులు పడిపోను!" అరిచింది దేవమ్మ.

అందరూ మీద పడ్డారు. మొదటి దెబ్బ మొగులమ్మదే. చేతిలోని పలుపుతాడుతో కొట్టింది.

ఐలన్న చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

"అక్కా, బర్రెనన్న తాగనియ్యకు" అన్నాడు. సంచీ భుజానేసుకుని వెళ్లిపోయాడు.

పదిహేను రోజులకు బర్రె మేత ముట్టడం మానేసింది. నాలుగోనాటికి కొట్టంలోనే ప్రాణం విడిచింది. పశువుల డాక్టరు ఒక్కటే అడిగాడు.

"ఏ నీళ్లు తాగింది?"

మొగులమ్మ చెరువు దిక్కు చూసింది.

ఒంటరితనం ఆమెకు కొత్త కాదు. కానీ ఈసారి తట్టుకోలేకపోయింది. పాలు పిండే వేళకు లేచి, చెంబు పట్టుకుని, ఎక్కడికి పోవాలో తెలియక నిలబడిపోయేది. సాయంత్రం ముందరి గది తలుపు తీసి చూసి, మళ్లీ మూసేది.

నెల తర్వాత ఊళ్లోకి జీపు వచ్చింది. ఆఫీసరు చెరువు గట్టున బోర్డు పాతించి, ఈ నీళ్లు మనుషులకూ పశువులకూ పనికిరావని అందరికీ చెప్పాడు.

"సారూ, మీకెవరు చెప్పిన్రు?" అడిగింది మొగులమ్మ.

"ఐలన్న అని ఒకాయన. సీసా పట్టుకుని రెండురోజులు మా వరండాలోనే కూర్చున్నాడు. మేమూ నమ్మలేదమ్మా. ఆయన పనిచేసిన చోటికి ఉత్తరం రాస్తే పోయినవారం జవాబొచ్చింది. అది చదివాకే నీళ్లు పరీక్షకు పంపాం."

"ఆయన యాడున్నడు సారూ? కాళ్లు మొక్కుత."

"తెలియదమ్మా. మళ్లీ రాలేదు."

మొగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆ ఉత్తరంల ఏం రాసిన్రు సారూ?"

ఆఫీసరు చెప్పాడు: ఇరవై ఏళ్లపాటు, ఎంత పెద్ద పండగపూటైనా, ఐలన్న వచ్చి నీళ్లు చూసి "దిగండి" అంటే తప్ప ఆ దీవిలో పసిపిల్ల కూడా సముద్రంలో కాలు పెట్టేది కాదట.